రెండు డిస్కుల డబ్బా

భిలాయి నెహ్రూ నగర్‌లో ఒక కంప్యూటర్ షాపు. ఆదివారం పదకొండు గంటలు. కౌంటరుకి అటు షాపు నడిపే సుభాష్, ఇటు త్రినాథరావు, ఆయన కూతురు రజనీకుమారి.

"ఇది కూడా వద్దంటే ఇంక నా వల్ల కాదు నాన్నా. మూడో ఆదివారం ఇది. కుమ్హారి నుంచి బస్సెక్కి వస్తన్నాను నేను."

"వద్దన్లేదు కదమ్మా. అడుగుతన్నాను. అడగడం కూడా తప్పేనేటి?"

"మొదటి ఆదివారం దుర్గ్‌లో అడిగేవు. పోయిన ఆదివారం సుపేలాలో అడిగేవు. ఆ షాపాయన మనల్ని చూసి షట్టరు దించుకున్నాడు."

"భోజనం టైమై ఉంటాది."

"పదకొండింటికా?"

"దీదీ, కోయీ బాత్ నహీ. అంకుల్‌ని అడగనివ్వండి. చూడండి అంకుల్, మళ్ళీ మొదట్నించీ చెప్తాను. దీన్ని నాస్ అంటారు. మీ ఇంట్లో వైఫై డబ్బాకి తగిలించి ఓ మూల పెట్టీడమే. లోపల రెండు హార్డ్ డిస్కులుంటాయి. మీ ఫొటోలు, వీడియోలు ఒకసారి ఎక్కిస్తే రెండిట్లోనూ రాసుకుంటాది. ఒకటి ఖరాబైపోయినా రెండోదుంటాది. టీవీలో చూడండి, ఫోన్లో చూడండి, మీ ఇష్టం."

"అంటే ఒకటి రన్నింగు, ఒకటి స్టాండ్‌బై."

"స్టాండ్‌బై కాదంకుల్. రెండూ రన్నింగే."

"రెండూ తిరుగుతుంటే రెండూ అరుగుతాయి కదా బాబూ. అలాటప్పుడు అది స్టాండ్‌బై ఎలాగవుతాది?"

"నాన్నా! అది పంపు కాదు!"

"ఆగండి దీదీ, అంకుల్ పాయింటు సహీ ఉంది. అంకుల్, మీరు స్టీలు ప్లాంటులో చేసేరా?"

"ముప్పై ఆరేళ్ళు. రోలింగ్ మిల్లు, మెకానికల్ మెయింటెనెన్సు. బేరింగు సౌండు ఇని, ఇంకెన్నాళ్ళు బతుకుతాదో చెప్పీవోణ్ణి."

"స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకునేనా?"

"నీకెలాగ తెలుసు?"

"మా నాన్నా అంతే. ఫేనుకి, మిక్సీకి, ఆఖరికి మా అమ్మ కుట్టుమిషనుకి కూడా పెట్టీవోడు. అప్పలసూరి. కోక్ ఓవెన్స్‌లో చేసేడు."

"ఓర్నీ ఇల్లు బంగారం గానూ! అప్పలసూరి కొడుకువా నువ్వు? మీ నాయిన మా చీపురుపల్లి పక్కోడే కదరా!"

"అవునంకుల్. మాది సెక్టర్ 2, స్ట్రీట్ తొమ్మిది. మీది?"

"ఆఁ... మాదీ సెక్టర్ 2యే."

"అచ్ఛా! ఏ స్ట్రీటు? క్వార్టరు నెంబరెంత?"

"క్వార్టరు నెంబరు చెప్తే రేటు తగ్గిస్తావేటి? ముందీ డబ్బా సంగతి చెప్పు. దీని బాడీ ఏటి, ప్లాస్టిక్కా?"

"స్ట్రీట్ పదమూడు, ఐదు-బి భయ్యా. నేను పుట్టిందే ఆ క్వార్టర్లో. ఆయన రేటు తప్ప ఇంకేమీ మాట్లాడరు, మీరేం అనుకోకండి."

"ప్లాస్టిక్కేనంకుల్. లోపల చట్రం ఇనుమే."

"ఎనకాల ఈ ఫేనేటి? మన భిలాయి దుమ్ము నీకు తెలీనిది కాదు. ఆర్నెల్లలో ఆ జాలీ పూడుకుపోతాది. ఫేను ఆగిపోతాది. లోపల డిస్కులు ఉడికిపోతాయి."

"నెలకోసారి బ్రష్షుతో దులిపితే చాలు."

"దులపడం మర్చిపోతే?"

"వేడెక్కితే ఫోనుకి మెసేజీ వస్తాది."

"నాను ఫోను చూసుకోకపోతే?"

"నాకు వస్తాది నాన్నా మెసేజీ! నా ఫోనుకి! నేను కుమ్హారి నుంచి వచ్చి దులుపుతాను! అయిందా?"

"కసురుకుంటావెందుకే? మిషను తీసుకునీటప్పుడు నాలుగూ చూసుకోవాలా వద్దా? బాబూ, ఈ రెండు డిస్కులూ ఒకే పెట్టెలోవేనా?"

"హా, ఒకే కంపెనీవి. నిన్ననే వచ్చాయి, ఫ్రెష్ మాల్."

"అదే మరి. ఒకే పెట్టెలో వచ్చిన బేరింగులు ఒకే నెల్లో పోతాయి. ఒకే బ్యాచ్‌వి పక్కపక్కన ఎప్పుడూ ఎయ్యకూడదు. ఇవి వద్దు."

"అరే వాహ్. దీదీ, ఇది నేను కస్టమర్లకి చెప్పే మాటే. ఎవడూ వినడు. సరే అంకుల్, ఒకటి ఇందులోంచి, ఇంకోటి పాత స్టాకులోంచి వేరే కంపెనీది ఇస్తాను. అప్పుడు ఓకేనా?"

"ఓకే భయ్యా. బిల్లు రాసీండి."

"ఉండమ్మా, బిల్లుకెందుకంత తొందర? కరెంటు పోతే?"

"చిన్న యూపీఎస్ పెడతాను. పావుగంట ఆగుతాది, ఈలోపు డబ్బా తనంతట తనే ఆగిపోతాది."

"పావుగంటేనా?"

"మీ ఇంటికి జనరేటరు పెట్టమంటారా అంకుల్?"

"నవ్వకు బాబూ. ఇంకో మాట. రెండు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే గదిలో. ఒకే పంప్‌హౌసులో రెండు పంపులూ పెట్టి, లోపలికి నీళ్ళొస్తే? రెండూ మునుగుతాయి. మరింక రెండోదెందుకు?"

"అందుకే మూడోది కూడా ఉండాలి అంటాం. ఇంకో చిన్న డిస్కులో కాపీ తీసి దీదీ ఇంట్లో పెట్టండి. కుమ్హారి దాకా నీళ్ళు రావు కదా."

"అయితే మూడు డిస్కులు. ఖర్చు పెరిగిపోతంది. పోనీ ఇంట్లో మా అబ్బాయి ఉదయ్‌గాడి పాత కంప్యూటరుంది. అందులోనే నాలుగు డిస్కులు పెడితే?"

"పెట్టొచ్చంకుల్. కానీ అది రోజంతా నడిస్తే కరెంటు బిల్లు మీకే తెలుస్తాది. పైగా ఆ సౌండుకి ఆంటీ నిద్రపోలేరు."

"మరైతే ఆలోచించాల. వచ్చే ఆదివారం చూద్దాం. పద రజనీ."

"నేను రాను."

"రాకపోడమేటి?"

"నేనిక్కణ్ణించి ఖాళీ చేతుల్తో కదల్ను. బ్యాచ్ అన్నావు, ఆయన మార్చేడు. కరెంటన్నావు, యూపీఎస్ అన్నాడు. పంప్‌హౌసన్నావు, దానికీ చెప్పేడు. నువ్వు డబ్బా కొనడానికి రాలేదు నాన్నా. కొనకుండా ఉండడానికి వచ్చేవు. ఎందుకు? డబ్బు నాది కదా, నీకొచ్చిన కష్టమేంటి?"

"డబ్బు ఊసు కాదమ్మా..."

"మరేంటి? చెప్పు. భయ్యా, మీకు మొత్తం చెప్పలేదు నేను. మా అమ్మకి మతిమరుపు జబ్బు. రెండేళ్ళవుతంది. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గరికెళ్ళిపోయి 'మా ఇంటికి పోతాను' అని ఒకటే గోల. ఇప్పుడుంటున్నది సొంతిల్లే. కట్టుకుని తొమ్మిదేళ్ళయింది. అయినా ఇది నా ఇల్లు కాదు, సెక్టర్ 2 తీసుకుపోండి అంటాది. తాళం వేస్తే గేటు పట్టుకుని ఏడుస్తాది."

"అరే..."

"ఆ క్వార్టర్లో తీసిన వీడియోలు టీవీలో పెడితే మాత్రం కుదురుగా కూర్చుంటాది. మా తమ్ముడు ఉదయ్ మొదటి అడుగులు వేసింది, పెరట్లో జామచెట్టు, మా అమ్మ అరుగు మీద అప్పడాలెండబెట్టింది. రోజూ అవే. రోజూ కొత్తగా చూస్తాది. గంటన్నర చూసి అన్నం తిని పడుకుంటాది. ఆ గంటన్నరే ఆ ఇంట్లో శాంతి."

"సమఝ్ గయా దీదీ. అవి ఎందులో ఉన్నాయి?"

"ఒకటే డిస్కు. టీవీకి తగిలించీది. పదేళ్ళ పాతది. నెల్రోజుల కిందట కిట్ కిట్ మని సౌండు మొదలైంది. నాకు గుండె ఆగినంత పనైంది. అందుకే భయ్యా, అది పోయీలోపు దీంట్లోకి ఎక్కించీయాలని నేను ఏడుస్తంటే, ఈయన ఫేను జాలీ అంటాడు, బ్యాచ్ అంటాడు!"

"ఒరిజినల్ క్యాసెట్లు లేవా?"

"లేవు."

"ఏమయ్యాయి?"

"క్వార్టరు ఖాళీ చేసినప్పుడు నేనే పాతసామాన్ల కబాడీకి ఇచ్చీసేను. డిస్కులో ఉన్నాయి కదా, ఈ చెత్తంతా ఎందుకని. అమ్మ వద్దంది. నేనే వినలేదు."

"పోనీలెండి. డిస్కు నడుస్తంది కదా?"

"నడుస్తంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడుగుతాను. నిన్న అమ్మ ఫోన్లో ఎంత నవ్విందో! మీ నాన్న సైకిలు మీంచి పడ్డాడే, మైదా బస్తాతో సహా పడ్డాడే అని. అవునా నాన్నా?"

"ఆఁ. నవ్వింది."

"నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు. అందుకే ఇవాళ తేల్చుకునే వెళ్తాను. అక్కడ సత్యలక్ష్మి పిన్నిని కూర్చోబెట్టి వచ్చేం. పన్నెండున్నరకి ఆవిడ వెళ్ళిపోవాలి."

"ఎంత డేటా ఉంటాది దీదీ? దాన్ని బట్టి డిస్కు సైజు చెప్తాను. ఎక్కువ కొనడం దండగ."

"ఏమో, సగం పైన ఉంటాది. మీరే చూడండి. తెచ్చేను."

"ఏటి తెచ్చినావు?"

"డిస్కు. పొద్దున్న టీవీ వెనకాల నుంచి తీసి బ్యాగులో పెట్టుకున్నాను."

"ఎవర్ని అడిగి తీసినావు? లోపల పెట్టు. దాన్ని కదపకూడదు."

"ఇక్కడే తగిలించి చూస్తారు నాన్నా. అయిదు నిమిషాలు."

"వైరు తేలేదు కదా!"

"అదే వైరు మా దగ్గరుందంకుల్. ఇలా ఇవ్వండి దీదీ."

"వద్దు బాబూ. ఇయ్యకే. రజనీ, నా మాటిను. ఇంటికాడ చూద్దాం. ఆ డబ్బా కొనీద్దాంలే, నువ్వు చెప్పిందే కొందాం, బిల్లు రాయించీ, అది మాత్రం బ్యాగులో పెట్టీ."

"ఇప్పుడు కొందామా? ఇందాకటి దాకా ఆలోచించాలన్నావు! ఏంటి నాన్నా నీ వరస? తీసుకోండి భయ్యా."

"దీదీ... దీన్ని ఎక్కడైనా రిపేరుకిచ్చేరా?"

"లేదే. ఎందుకు?"

"కవరు లేచి ఉంది. టేపేసి అతికించేరు. ఒక్క నిమిషం... లోపలి మూతకి స్క్రూలు రెండు లేవు. సీలు చింపీసి ఉంది. ఇదేంటి, చేతికి జిడ్డు... దీదీ, ఇది నూనె."

"నూనేంటి?"

"కుట్టుమిషను నూనె. ఈ వాసన నాకు తెలుసు."

"నాన్నా, ఇటు చూడు. ఏం చేసేవు?"

"బేరింగు సౌండమ్మా అది. స్క్రూడ్రైవరు పెట్టి ఇన్నాను. కిట్ కిట్ మంటంది. ముప్పై ఆరేళ్ళు ఇన్న సౌండు. ఒక్క చుక్క... ఒక్క చుక్క ఎయ్యాలనిపించింది."

"విప్పేవా? డిస్కుని విప్పేవా నువ్వు?"

"మూత తీసినాను. లోపల అద్దంలాగ మెరుస్తంది. దాని మీద నా ఏలు పడ్డాది. మరక పడిపోనాదని పంచె చెంగుతో తుడిచినాను."

"అయ్యో అంకుల్..."

"భయ్యా, చెప్పండి. డేటా తీసే ల్యాబులుంటాయట కదా, రాయ్‌పూర్‌లోనో, ఎక్కడో. వాళ్ళు తీస్తారు కదా? ఎంతైనా ఇస్తాను."

"దీదీ, అబద్ధం చెప్పలేను. మూత తీసినంత వరకైతే వాళ్ళేమైనా చేసీవాళ్ళు. నూనె పడి, గుడ్డతో తుడిచీసేక... పంపండి, నేను వద్దనను. ఆశ మాత్రం పెట్టుకోకండి."

"నీకెంతసేపూ విప్పడమేనా నాన్నా! చిన్నప్పుడు నా టేప్‌రికార్డరు విప్పేవు. పెళ్ళిలో ఇచ్చిన మిక్సీ విప్పేవు. ఇంట్లో ఒక్క వస్తువైనా ఉందా నువ్వు విప్పనిది? ఇది కూడా... ఒకే ఒక్కటి నాన్నా! అమ్మకి మిగిలింది ఆ ఒక్కటే! నాకొక్క ఫోను చేస్తే ఏం పోయింది?"

"నీకు ఫోను చేసి నువ్వొచ్చీదాకా ఆగుతాదేటి మీ యమ్మ? టీవీ ముందు కూకునుంది. మీ తమ్ముడు గడప దాటబోతన్నాడు, అక్కడ బొమ్మ ఆగిపోనాది. కిట్ కిట్ కిట్. మీ యమ్మ లేచింది. గుంటడు పడిపోనాడు, నేను పోవాలంటంది. గేటు కాడికి పరుగు. చెయ్యి పట్టుకుంటే నన్ను కరిసింది. ఏటి చెయ్యమంటావు నన్ను? చేతిలో పనిముట్టుంది. ఎదురుగా మిషనుంది. బాగు చెయ్యడం తప్ప నాకింకేటొచ్చమ్మా?"

"ఎప్పుడు జరిగింది?"

"నన్ను దుర్గ్ తీసుకెళ్ళినావు చూడు, దానికి ముందు మంగళారం."

"మూడు వారాలు! మూడు వారాల్నుంచీ చచ్చిపోయిన డిస్కు కోసం నన్ను షాపులు తిప్పుతన్నావా?"

"నువ్వే తిప్పినావమ్మా. నాను వద్దంటానే ఉన్నాను."

"నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు నాకు. ఆగు... ఆగాగు. మరి అమ్మ? రోజూ ఫోన్లో చూసిందంటన్నావు కదా. ఏం చూస్తంది?"

"చూస్తంది."

"ఏం చూస్తంది? టీవీలో ఏముంది?"

"టీవీలో ఏటీ లేదు."

"సైకిలు మీంచి పడ్డది... నాన్నా, ఆ వీడియో ఎక్కడిది? నువ్వు మైదా బస్తాతో పడ్డప్పుడు మనకి కెమెరాయే లేదు. నాకప్పుడు నాలుగేళ్ళు."

"సాయంత్రమైతే టీవీ మీద దుప్పటి కప్పుతన్నాను. దాని ముందర స్టూలేసుకుని నాను కూకుంటన్నాను. నానే చెప్తన్నాను. ఇదిగో మన వాకిలి, ఇదిగో నువ్వు అప్పడాలేస్తన్నావు, కాకొచ్చింది, హుష్ అన్నావు. ఉదయ్‌గాడు నడిచింది నడిచి చూపిస్తన్నాను. సైకిలు మీంచి పడ్డది... మోకాలు కొట్టుకుపోనాది, చూడు."

"అంకుల్, మీరు... ఆంటీ ఊరుకుంటన్నారా?"

"ఊరుకుంటంది బాబూ. మొదటి రోజు నా మొహంలోకి అలాగ చూసింది. ఆనక, 'ఇవాళ బొమ్మ బాగా అగుపిస్తంది' అంది. నవ్వుతంది. ఏడుస్తంది. గంటన్నర. అయిపోనాక అన్నం తింటంది."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏటని చెప్పేది? క్యాసెట్లు పారేసినానని నువ్వే తొమ్మిదేళ్ళుగా కుములుతన్నావు. మీద ఇదొకటా? ఏడవకమ్మా. షాపులో ఏడిస్తే బాగోదు."

"ఏడవడం లేదు. భయ్యా, ఆ డబ్బా లోపల పెట్టీండి. సారీ. మీ టైమంతా తినీసేం. ఎక్కించడానికి మా దగ్గరేమీ లేదు ఇప్పుడు."

"పర్లేదు దీదీ. వేరే ఏమైనా..."

"ఉండు బాబూ. లోపల పెట్టకు."

"నాన్నా, ఇంకేంటి?"

"నాను చెప్పీదంతా ఫోన్లో తీస్తే, ఈ డబ్బాలో ఎక్కుతాదా?"

"ఎక్కుతాదంకుల్. ఎందుకెక్కదు?"

"ఎంత చెప్తే నిండుతాది?"

"మీరు ఏడాదంతా రోజూ గంటన్నర చెప్పినా నిండదు."

"అయితే రెండు డిస్కులదే ఇయ్యి. నువ్వన్నట్టే, ఒకటి వేరే బ్యాచ్‌ది. మూడోది ఈ పిల్ల ఇంట్లో పెట్టడానికి. యూపీఎస్ కూడా. ఇవాళే కావాల. సాయంత్రం మీ యమ్మకి చెప్పీటప్పుడే మొదలెట్టీయాల, రజనీ. నువ్వు ఇవాళ కుమ్హారి ఎళ్ళకు. ఫోను పట్టుకుని నువ్వే తియ్యి."

"ఇదేంటి నాన్నా! మూడు వారాలు ఒక్కటీ నచ్చలేదు. ఇప్పుడొక్క పూట ఆగలేవా? నువ్వున్నావు, అన్నీ నీకు గుర్తున్నాయి. మెల్లగా తీద్దాం, తొందరేముంది?"

"ఇందాక ఈ బాబు క్వార్టరు నెంబరెంతని అడిగినాడు చూడు. నాను రేటు ఊసెత్తి తప్పించుకున్నాను. నువ్వు చెప్పీదాకా నాకది గుర్తుకు రాలేదమ్మా."